సిపాయిల్ని తర్వాత లెక్కపెట్టండి, ముందు ఎడ్లను

కెలవరపల్లి, హోసూరు ప్రాంతపు పిల్లలు మైసూరు యుద్ధాల మీద ఏదైనా రాయబోతే మొదట వెతికేది ఒకటే: ఎవరి సైన్యం ఎంత? ఆ ప్రశ్నను పక్కన పెట్టండి. ఎన్ని ఎడ్లున్నాయో వెతకండి. తలకిందుల పద్ధతి అని మీ మాస్టారు కోప్పడితే పడనివ్వండి.

1791 మే 15న అరికెరె దగ్గర ఇంగ్లీషు కంపెనీ సేనాని కారన్‌వాలిస్ మైసూరు సుల్తాను టిప్పును ఓడించాడు. సిపాయిలకు కొదవలేదు. ఫిరంగులు లాగే ఎడ్లే మేత లేక, రోగాలొచ్చి రాలిపోయాయి. కొద్ది రోజులకే, శ్రీరంగపట్నం అంత దగ్గరలో ఉండగా, కోటగోడలు కూల్చడానికి తెచ్చిన పెద్ద ఫిరంగుల్ని తనే పగలగొట్టించి వెనుదిరిగాడు. జూలైలో ఇంగ్లీషువాళ్లు మన హోసూరు కోట మీద పడ్డారంటే బారామహల్ కనుమల గుండా ధాన్యం పైకి రావాలి కాబట్టే. సిపాయిల సంఖ్య ఎంత తిరగేసినా ఈ సంగతి చెప్పదు.

పాత చరిత్రల్లో లక్షలు కనబడితే నమ్మనూ వద్దు, కొట్టిపారెయ్యనూ వద్దు. అన్నం పెట్టి చూడండి. 1520 రాయచూరు యుద్ధానికి కృష్ణదేవరాయలు 7,03,000 కాల్బలంతో కదిలాడని పోర్చుగీసు నూనిజ్ రాశాడు. మనిషికి రోజుకో కిలో గింజలు, ఎద్దుకు వంద కిలోల బరువు అనుకున్నా రోజుకు ఏడు వేల ఎడ్ల బరువు ఖర్చు. పది రోజులకు డెబ్బై వేల ఎడ్లు, వాటికి మేత, నీళ్లు వేరే. అదే నూనిజ్ చెప్పిన 32,600 గుర్రాల సంగతి ముందు పట్టుకోండి. మేలైన గుర్రం సముద్రం దాటి వచ్చేది, డబ్బు పోసి కొనాల్సిందే. కొనుగోలు ఉన్నచోట లెక్క దొరికే ఆశ ఉంటుంది.

ఇక నష్టాలు. చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ సైనిక కాగితాలున్నాయి, తప్పకుండా వెళ్లండి. అయితే చచ్చినవాళ్ల పట్టికను చివర చూడండి. ముందు సామాను ఎక్కడ పెట్టారో, దాని వెంట ఎవరున్నారో చదవండి. ఎందుకో బాగలూరు చెబుతుంది.

1768 నవంబరులో మైసూరు పాలకుడు హైదర్ అలీ హోసూరును ముట్టడిస్తే ఇంగ్లీషు కంపెనీ కర్నల్ వుడ్ విడిపించడానికి బయల్దేరాడు. రెండు పెద్ద ఫిరంగులూ సామానూ బాగలూరులో వదిలి, తేలిగ్గా నడిచాడు. హైదర్ చుట్టు తిరిగి బాగలూరు పేట మీదే పడ్డాడు. పేటలోని జనం, బరువులు మోసే పశువులు అంతా ఒక్కసారిగా కోట గుమ్మం వైపు తోసుకొచ్చారు. గుమ్మం తెరుచుకోలేదు. ఆడవాళ్లు, పిల్లలతో సహా దాదాపు రెండు వేల మంది ఆ తొక్కిడిలోనే నలిగి పోయారని మైసూరు చరిత్ర రాసిన విల్క్స్ చెప్పాడు. కత్తి దెబ్బ తిన్నవాళ్లు కారు వీళ్లు, జీతం పట్టీలో ఉన్నవాళ్లూ కారు. హైదర్ ఆ రెండు ఫిరంగుల్నీ పట్టుకుపోయాడు. ఫిరంగుల పేరు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. నాకు కోపమొచ్చేది ఇక్కడే.

అందుకే మీ పట్టికలో మొదటి వరుస దండు వెనక నడిచినవాళ్లకు ఇవ్వండి: ఎడ్లు తోలేవాళ్లు, ధాన్యం మోసే బంజారాలు, గుడారాల, ఫిరంగుల పని చేసే లస్కర్లు, వంటవాళ్లు, వాళ్ల పెళ్లాం బిడ్డలు, ఊరి జనం. రెండో వరుస సిపాయిలకు, చివరిది ఆఫీసర్లకు. ఎక్కడైనా సంఖ్య దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదలండి, సున్నా మాత్రం వెయ్యకండి.