అంగారకుడి మీద శిఖం పట్టా

కిమ్ స్టాన్లీ రాబిన్సన్ రాసిన ‘రెడ్ మార్స్’ నవలలో తొలి వందమంది వలసదారులు అంగారకుడికి బయల్దేరే సంవత్సరం 2026. నవల అచ్చయిన 1992లో అది ఎవరికీ పూచీ లేని దూరపు తేదీ. ఇప్పుడు అదే తేదీ మన గోడ క్యాలెండర్ల మీద రాహుకాలం, వర్జ్యాలతో సహా ముద్రణ అయింది. ఓడ సిద్ధం కాలేదు, వందమందీ ఎంపిక కాలేదు, ప్రయాణం మీద నమ్మకం మాత్రం ఏటికేడు ముదురుతోంది. దేశంలో మొట్టమొదటి రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ 1959లో వెలసిన వరంగల్‌లో ఈ రకం నవలలకు భక్తబృందం ఉండటం వింతేమీ కాదు. ఆ భక్తుల అభిప్రాయం స్థూలంగా ఇది: ఇది కథ కాదు, ప్రణాళిక. భూమి పని అయిపోవచ్చింది. మనిషి జాతి బతకాలంటే రెండో ఇల్లు కట్టుకోవాల్సిందే, నవలలో నక్షా కూడా ఉంది, ఇక పునాది తవ్వడమే తరువాయి. నాకు పేచీ నవలతో లేదు, అది దిట్టమైన నవల. పేచీ అంతా దాన్ని రియల్ ఎస్టేట్ వెంచర్ బ్రోషర్‌లా చదివే చదువుతోనే.

అసలు వీళ్లు నవలను చదివే పొగుడుతున్నారా అన్న అనుమానం మొదటి అధ్యాయంతోనే మొదలవుతుంది. ఎందుకంటే అది మొదలయ్యేదే హత్యతో. అంగారకుడి మీద తొలి అడుగు వేసిన జాన్ బూన్‌ను అతని పాత మిత్రుడే కుట్రపన్ని చంపిస్తాడు. గ్రహం కొత్తది, పగ పాతది. ఏరికోరి పంపిన వందమంది మేధావులు ఓడ దిగకముందే ముఠాలు కడతారు. ఆ గ్రహాన్ని ఉన్నదున్నట్టు వదిలేయాలని ఆన్ క్లేబోర్న్ అంటుంది, దాన్ని వేడెక్కించి పచ్చగా మార్చేయాలని శాక్స్ రసెల్ అంటాడు. వాళ్ల వాదం తేలకముందే బహుళజాతి కంపెనీలు దిగుతాయి, వాటి వెంట పనివాళ్లు దిగుతారు, 2061లో తిరుగుబాటు లేస్తుంది, అంతరిక్షంలోకి వేసిన లిఫ్టు తీగ తెగి గ్రహాన్ని దాదాపు రెండు చుట్లు చుట్టుకుంటూ కూలిపోతుంది. ఇందులో గృహప్రవేశానికి ఆహ్వానం ఎక్కడ కనిపించిందో భక్తులే చెప్పాలి. పైగా రాబిన్సన్ 2015లో ‘అరోరా’ అని మరో నవల రాశాడు. తరాల తరబడి ప్రయాణించి టౌ సెటి నక్షత్రం దగ్గరికి చేరిన జనం అక్కడ నిలదొక్కుకోలేకపోతారు, వాళ్లలో ఒక వర్గం ఓడను వెనక్కి తిప్పి భూమి దారి పడుతుంది. అంటే పురాణం చెప్పినాయనే ఫలశ్రుతి మార్చేశాడు. శ్రోతలు మాత్రం పాత ఫలశ్రుతికే అక్షింతలు వేసుకుంటున్నారు.

ఈలోగా గ్రహం కూడా తన సంగతులు కొన్ని బయటపెట్టింది. 2008లో దిగిన ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్లు ఉన్నాయని తేల్చింది. థైరాయిడ్‌కు చేటు చేసే ఆ లవణాలున్న మట్టిలో వంకాయ కాయించడం మామూలు వ్యవసాయం కాదు. క్యూరియాసిటీ రోవర్ కొలిచిన లెక్క ప్రకారం భూమ్మీద ఒక మనిషికి ఏడాది పొడవునా సహజంగా తగిలే రేడియేషన్ అక్కడ నాలుగు రోజుల్లో తగులుతుంది. గాలి పీడనం మన దాంట్లో ఒక శాతం కూడా లేదు, ఉన్న కాస్త గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడ్. సగటు ఉష్ణోగ్రత మైనస్ 60 డిగ్రీల దరిదాపు. సరే, వేడెక్కిద్దామంటే అందుకు చాలినంత కార్బన్ డయాక్సైడ్ మన చేతికందే రూపంలో అక్కడ లేదని 2018లో ‘నేచర్ ఆస్ట్రానమీ’లో శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపారు. పోనీ, గాజు గుమ్మటం కట్టుకుని లోపలే బతుకుదామా? ఆ ముచ్చటా తీరింది. 1991లో అరిజోనాలో ‘బయోస్ఫియర్ 2’ పేరుతో మూడెకరాల పైచిలుకు గుమ్మటం కట్టి ఎనిమిదిమందిని లోపలుంచి రెండేళ్లకు తలుపు బిగించారు. మట్టిలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువును తినేస్తూ పోయాయి, అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కాంక్రీటు పీల్చుకుంది, లెక్క తప్పిన ప్రాణవాయువు 21 శాతం నుంచి 14 శాతం చిల్లరకు పడిపోయింది. చివరికి బయటినుంచి ఎక్కించాల్సి వచ్చింది. పూలకు పరాగసంపర్కం చేసే కీటకాలు చచ్చాయి, బొద్దింకలు వర్ధిల్లాయి. మనుషులు ఎనిమిదిమందే అయినా రెండు వర్గాలయ్యారు. ఇదంతా భూమి గురుత్వంలో, భూమి ఎండలో, తలుపు తీస్తే పుష్కలంగా గాలి దొరికే చోట.

కొత్త నేల మీద జనాన్ని నిలపడం ఎలాగో తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. ఆ విద్యలో ఆరితేరినవాళ్లు ఈ ఓరుగల్లు నుంచే ఏలారు. కాకతీయులు మెట్ట నేలల్లోకి, అడవుల్లోకి ఊళ్లను విస్తరించిన పద్ధతి చూడండి: ఊరు, గుడి, చెరువు మూడూ ఒకే ఆలోచనగా నడిచాయి. గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో, రామప్ప గుడీ వెలసింది, పాఖాల చెరువూ వెలసింది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అందుకు సంబరాలూ జరిగాయి. పాఖాల ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా పొలాలకు నీళ్లిస్తోంది, దానికి ఎవరూ దండ వేయలేదు. చెరువు కట్టడం ఒక్కటే అక్కడి గొప్ప అనుకుంటే పొరపాటు. పైచెరువు మత్తడి దూకితే కిందిచెరువు నిండేలా గొలుసుకట్టు కట్టారు. చెరువును బాగుచేసి చూసుకునేవాడికి దశబంధం పేరుతో భూమి హక్కు ఇచ్చారు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత పారించాలో చూడటానికి నీరటికాడు ఉన్నాడు. కట్ట మీద ఎలుక బొక్క పెడితే చూసి పూడ్చే మనిషి ఉన్నంతకాలమే చెరువు. ఆ సంగతి తెలిసిన రాజ్యం గనుక కట్టిన రాజు పేరుతో పాటు కాపాడే మనిషి కూలి కూడా ముందే నిర్ణయించింది. మన అంగారక సాహిత్యంలో రాకెట్ మీద, దిగే క్షణం మీద, జెండా మీద ఉన్నంత మోజు ఈ నీరటికాడి మీద ఉండదు. గుమ్మటానికి పడే బొక్కను రోజూ రాత్రి చూసి పూడ్చేదెవరు, వాడికి జీతమెంత, సెలవు ఎప్పుడు అన్న ప్రశ్న భక్తుల దగ్గర ఎత్తితే నిరాశావాది అన్న బిరుదు దొరుకుతుంది. న్యాయంగా చెప్పాలంటే రాబిన్సన్ ఆ ప్రశ్న ఎత్తాడు, నాడియా అనే ఇంజినీరు చేత పేజీల కొద్దీ పైపులూ గోడలూ బిగింపజేశాడు. ఆ పేజీలే మనవాళ్లు దాటేసి చదివేవి.

ఆ కాకతీయుల రాజధానిలో ఇప్పటి వారసులం చేసిన నిర్వాకం చూస్తే ఈ ధీమా ఎక్కడిదో అర్థం కాదు. 2020 ఆగస్టు వానలకు నగరంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. నాలాల మీది ఆక్రమణలు తొలగించాలని ప్రభుత్వమే ఆదేశించాల్సి వచ్చింది. 2023 జులైలో మళ్లీ మునిగాయి. ఆ వానల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, ఇక్కడ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. వాన ఎక్కువే, కాదనను. కానీ వాన పోయే దారిలో ఇళ్లు పెట్టింది వాన కాదు. చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే నేలను మన రెవెన్యూ లెక్కల్లో శిఖం అంటారు. ఎండాకాలం అది చదునుగా, ఖాళీగా, ఎవరిదీ కానట్టు కనిపిస్తుంది. ఆ కనిపించడమే కొందరికి చాలింది. హద్దురాళ్లు పాతారు, రంగులు వేశారు, ప్లాట్లు అమ్మారు. నీళ్లు తిరిగొచ్చాక కొన్నవాడు పడవ కోసం చూశాడు. అంగారకుడి బొమ్మ చూసి ‘ఎంత ఖాళీ నేలో’ అని మురిసే చూపు సరిగ్గా ఇదే. ఆ ఖాళీకి కారణాలున్నాయి. అది ఎవరూ చూడక మిగిలిపోయిన నేల కాదు, గాలిని కోల్పోయి అలా అయిన నేల. ‘ఉట్టికెగరలేనమ్మ’ సామెత ఇక్కడ వాడాలని చెయ్యి దురదపెడుతోంది గానీ వాడను. పాపం ఆవిడ కనీసం ఉట్టికి ప్రయత్నించింది.

దీనికి భక్తుల దగ్గర ఒక చారిత్రక జవాబు ఉంది. మనిషి ఎప్పుడూ వలసజీవే, మన తెలుగువాళ్లు బర్మా పోలేదా, మారిషస్ పోలేదా, అమెరికా పోవడం లేదా అంటారు. పోయారు, పోతున్నారు. అయితే ఓడ దిగిన రేవులో గాలి ఉచితం. అదీగాక వలస అనగానే వీళ్లకు గ్రీన్ కార్డు గుర్తుకొస్తుంది. తెలంగాణలో చాలా ఇళ్లకు గుర్తొచ్చేది గల్ఫ్, ఏజెంటుకు కట్టేందుకు చేసిన అప్పు, యజమాని చేతిలోని పాస్‌పోర్టు. 2020 జనవరిలో ఎలాన్ మస్క్ స్వయంగా, డబ్బు లేనివాళ్లకు అంగారకుడికి పోవడానికి అప్పులు దొరుకుతాయని, అక్కడ ఉద్యోగాలు బోలెడుంటాయని ప్రకటించాడు. కరీంనగర్ బస్టాండులో ఏజెంట్లు చెప్పేదీ ఇదే, పాపం వాళ్లకు రాకెట్లు లేవు. అదే ఏడాది మస్క్‌దే అయిన స్టార్‌లింక్ ఇంటర్నెట్ సేవ ఒప్పంద పత్రంలో, భూమ్మీది ఏ ప్రభుత్వానికీ అంగారకుడి మీద అధికారం లేదని ఒక షరతు రాసుకున్నారు. యజమాని చేతిలో పాస్‌పోర్టు ఒక్కటే ఉంటే ఎంబసీకి పోవచ్చు. ప్రాణవాయువు మీటరు కూడా అతని చేతిలోనే ఉండి, ఏ ప్రభుత్వమూ అడగకూడదంటే దాని పేరు వేరే. వెట్టిని 1946లో ఆయుధం పట్టి ఎదిరించిన నేల ఇది, ఆ షరతు అర్థం ఇక్కడివాళ్లకు ఒకరు విడమరిచి చెప్పాలా? అయినా చెప్పాలేమో. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఏ దేశమూ చంద్రుణ్ని గానీ ఇతర గ్రహాలను గానీ తనదనడానికి వీల్లేదు. అలాంటి చంద్రుడి మీద ప్లాటు కొని అయినవాళ్లకు కానుకిచ్చిన మనవాళ్ల కథలు మన పత్రికల్లోనే ఫొటోలతో వచ్చాయి. ఇంటి పక్క ప్లాటుకు లింకు డాక్యుమెంట్లు, ఈసీ లేనిదే అడ్వాన్సు ఇవ్వని జాతి మనది!

గ్రహశకలం వచ్చి గుద్దితే ఏం చేస్తారన్నది రెండో ప్రశ్న, కాస్త బలమైనదే. 6.6 కోట్ల ఏళ్ల కింద అలాంటిది గుద్ది డైనోసార్లను తుడిచిపెట్టింది. కానీ ఆ మర్నాటి భూమి కూడా నేటి అంగారకుడికన్నా నివాసయోగ్యం. దాని మీద గాలి ఉంది, నీళ్లున్నాయి, బొరియల్లో దాక్కున్న చిన్న క్షీరదాలు బతికి బట్టకట్టాయి, వాటి వంశమే మనం. అణుయుద్ధం జరిగినా, వాతావరణం ఎంత చెడినా, భూమి ఇంకా ఆ గ్రహంకన్నా మెరుగ్గానే ఉంటుంది. చెడిన భూమిని బాగుచేయలేని చేతులు చచ్చిన గ్రహాన్ని బతికిస్తాయనడం తర్కానికి నిలిచే మాట కాదు.

ఇక మూడోది: సైన్సును వెక్కిరిస్తున్నారు, ఇలాగే ఇస్రోనూ వెక్కిరించారు అంటారు. తప్పు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి లేచిన మంగళయాన్ రూ.450 కోట్లతో మరుసటి సెప్టెంబరుకు అంగారక కక్ష్యలో చేరింది, దాదాపు ఎనిమిదేళ్లు పనిచేసింది. అది తెలుసుకోవడానికి పోయింది, కాపురానికి పోలేదు. కాపురం మాటకొస్తే, మస్క్ 2016లో మెక్సికోలో నిలబడి నలభై నుంచి వంద ఏళ్లలో పది లక్షలమందితో నగరం అన్నాడు, మరుసటేడు ఆస్ట్రేలియాలో తొలి మనుషులు 2024లోనే అన్నాడు. 2024 వచ్చింది, పోయింది. డచ్చివాళ్ల మార్స్ వన్ కంపెనీ తిరుగుప్రయాణం లేని యాత్రకు మనుషుల జాబితాలు కూడా తీసి 2019లో దివాలా ఎత్తింది. తేదీల విషయంలో వరంగల్‌కు స్వానుభవం ఉంది. నిజాం కాలపు మామునూరు విమానాశ్రయంలో 1981 దాకా విమానాలు దిగాయి. తర్వాత దాన్ని తెరుద్దామంటే శంషాబాద్‌కు 150 కిలోమీటర్లలోపు మరొకటి కూడదన్న ఒప్పందం అడ్డొచ్చింది, మరో 253 ఎకరాల భూసేకరణ కావాల్సి వచ్చింది, దానికి రూ.205 కోట్లు కావాల్సి వచ్చాయి. కేంద్రం అనుమతి 2025 ఫిబ్రవరికి గానీ రాలేదు. గాలి, గురుత్వాకర్షణ, తహసీల్దారు ముగ్గురూ అందుబాటులో ఉన్న చోట ఒక పాత రన్‌వేకు అనుమతి రావడానికే పట్టిన కాలం ఇది.

కాబట్టి ‘రెడ్ మార్స్’ తప్పక చదవండి. హత్యనూ, పైపులనూ, కూలీలనూ దాటేయకుండా చదవండి, వెంటనే ‘అరోరా’ కూడా చదవండి. ఆ తర్వాత కూడా వెళ్లాలనే ఉంటే అభ్యంతరం లేదు. బయల్దేరే ముందు మీ కాలనీ లేఅవుట్ ఒకసారి తెరిచి, అందులో నాలా ఎటు పోతుందో, ఇప్పుడు దాని మీద ఎవరి ఇల్లుందో చూసి మున్సిపాలిటీకి ఒక దరఖాస్తు పెట్టి వెళ్లండి.