మీ సన్‌లో శివుడు, ఐదింటికి వ్యాను

మీ సన్ వియత్నాం మధ్యభాగంలో, హోయ్ అన్ పట్నానికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన, కొండల నడుమ లోయలో మిగిలి ఉన్న శివాలయాల శిథిల సముదాయం. వియత్నాం భాషలో ఆ పేరుకు అందమైన కొండ అని అర్థం. తెలుగు చెవికి మాత్రం అది ఇంగ్లీషు కలిపిన తెలుగు. ఇక్కడినుంచి ఊళ్లో చుట్టాలకు ఫోన్ చేసి "రేపు పొద్దున్నే మీ సన్‌కి వెళ్తున్నాం" అన్నవాళ్లకు, "మావాడు డల్లాస్‌లో కదమ్మా ఉంది, మీరు వియత్నాం అన్నారే!" అనే జవాబు వస్తుంది. నాలుగో శతాబ్దం చివరినుంచి వందల ఏళ్లపాటు, ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజ్యపు రాజులు ఇక్కడ గుళ్లు కట్టించారు. డెబ్బై దాకా ఉన్న కట్టడాల్లో ఇప్పుడు చూసి పోల్చుకోగలిగినవి ఇరవై మాత్రమే. 1999లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ తర్వాత టూరిస్టులు గుర్తించారు. వాళ్లను చూసి తెల్లవారుజాము టూరు పుట్టింది.

ఎండ ముదరకముందే, జనం రాకముందే చూసి వచ్చెయ్యాలన్నది ఈ టూరు సిద్ధాంతం. అందులో మొదటి సగానికి తిరుగులేదు. పది దాటితే ఆ లోయ అట్లు పోసుకోవడానికి పనికొస్తుంది. రెండో సగంలోనే చిక్కు. జనం రాకముందే వెళ్లాలనుకునేవాళ్లు కూడా జనమే కదా. టికెట్ల కిటికీ తెరవకముందే అక్కడ నాలుగు వ్యాన్లవాళ్లు నిలబడి, వీళ్లకు ఇంత పొద్దున్నే ఏం పనో అన్నట్టు ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు.

చీకటితో లేవడం తెలుగు యాత్రికుడికి కొత్త కాదు. కార్తీకంలో చన్నీళ్ల స్నానం, ధనుర్మాసంలో తిరుప్పావై, తిరుమలలో సుప్రభాత సేవకు అర్ధరాత్రి దాటగానే అలారం, అన్నీ అలవాటే. కాకపోతే అవన్నీ పుణ్యం ఖాతాలో పడేవి. సెలవుపెట్టి, డబ్బు కట్టి, పుణ్యం వస్తుందో రాదో తేలకుండా లేవడం మాత్రం ఇదే మొదలు. అందుకే ఐదింటి వ్యానుకు ముందు హోటలు గదిలో ఒక ధర్మసందేహం పుడుతుంది: తలస్నానం చెయ్యాలా, అక్కర్లేదా? గుడి కాబట్టి చెయ్యాల్సిందేనని నానమ్మ, కూలిపోయిన గుడి కాబట్టి మొహం కడుక్కుంటే చాలని కొడుకు. పడిపోయిన గుడికి పట్టింపులెంత అన్న విషయంలో ఇంట్లో ఎవరికీ ప్రమాణం తెలియదు. తెలియనప్పుడు నానమ్మ మాటే చెల్లుతుంది కాబట్టి వ్యాను పావుగంట ఆగుతుంది. అందులో అప్పటికే కూర్చున్న తక్కిన దేశాలవాళ్లు తడి జుట్లతో ఎక్కుతున్న కుటుంబాన్ని చూసి, దగ్గరలో ఈతకొలను ఏదో ఉందనుకుంటారు.

టిఫిను పొట్లాం హోటలువాళ్లే ఇస్తారు. అందులో ఒక రొట్టె, ఒక ఉడకబెట్టిన గుడ్డు, ఒక అరటిపండు. గుడికి వెళ్తూ గుడ్డేమిటన్న ప్రశ్న వ్యాను రెండో మలుపు తిరక్కముందే లేస్తుంది. అరటిపండుకు అన్ని పక్షాల ఆమోదమూ ఉంది. రొట్టెను బ్యాగులో ఉన్న ఆవకాయ కాపాడుతుంది. డ్రైవరు అద్దం కాస్త దించుతాడు. సూర్యోదయం కూడా ఈ ఘట్టంలోనే, వ్యాను కిటికీలోంచే అయిపోతుంది. లోయ చుట్టూ కొండలు ఉండటం వల్ల లోపలికి వెలుగు నింపాదిగా దిగుతుంది. అయినా పొద్దున్నే వెళ్లడంలో ఒక న్యాయం ఉంది. చంపా గుళ్లు చాలావరకు తూర్పు ముఖంగా కట్టినవి. తొలి ఎండ నేరుగా గర్భగుడి గుమ్మంలో పడుతుంది. టూరు కంపెనీవాళ్లు ఈ సంగతి మాత్రం తమ కాగితం మీద వెయ్యరు. ఏసీ వ్యాను గురించి వేస్తారు.

టికెట్టు ఇటీవలి ఏళ్లలో లక్షా యాభై వేలు. ఈ మాట వినగానే ఆగిన గుండె, అవి వియత్నాం డాంగులనీ రూపాయల్లో ఐదొందల చిల్లరనీ తెలిశాక మళ్లీ కొట్టుకుంటుంది. అక్కణ్ణుంచి బ్యాటరీ బండి, ఆపైన నడక. ముందు జెండా పట్టుకుని గైడు.

గైడు చెప్పే చరిత్ర క్లుప్తంగా ఇది. నాలుగో శతాబ్దం చివర భద్రవర్మ అనే రాజు ఇక్కడ శివలింగాన్ని ప్రతిష్ఠించి, తన పేరు కలిపి భద్రేశ్వరుడన్నాడు. ఆ గుడి కొయ్యది కావడంతో కాలిపోయింది. ఏడో శతాబ్దంలో శంభువర్మ ఇటుకలతో తిరిగి కట్టించి, పాత దాతను తీసెయ్యకుండా తన పేరును ముందు చేర్చాడు. అలా దేవుడు శంభుభద్రేశ్వరుడయ్యాడు. తక్కిన దేశాలవాళ్లకు ఇందులో వింత కనిపిస్తుంది. తెలుగువాళ్లకు ఏ వింతా లేదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిని 1163లో కట్టించిన రుద్రదేవుడు అక్కడి శివుణ్ణి రుద్రేశ్వరుణ్ణి చేశాడు. ఇప్పటికీ మన ఊళ్ల గుళ్లలో గాలి తక్కువ, దాతల పేర్లు ఎక్కువ ఉండే ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. రాజులకు ఫ్యాను రెక్కలు దొరకలేదు కాబట్టి దేవుడి పేరు మీదే రాసుకున్నారు.

చంపాలో ఈ ప్రాంతానికి ఉన్న పేరు అమరావతి. గైడు ఈ ముక్క అనకుండా ఉంటే తొమ్మిదింటికల్లా పని ముగించుకునేవాడు. అనగానే టూరు అతని చేతుల్లోంచి జారిపోతుంది. చంపా రాజులు సింహపురంలో ఉన్నారని అతనంటే, గుంపులోని నెల్లూరు పెద్దాయన సింహపురి తమదేనంటాడు. తర్వాత 875 ప్రాంతంలో ఇంద్రపురం వచ్చింది, ఆ తర్వాత రాజధాని దక్షిణాన విజయకు మారింది. విజయ అంటే విజయవాడేనని వెనకనుంచి ఎవరో అంటారు. ఇంకా దక్షిణాన ఉన్న రాజ్యం పేరు పాండురంగ. ఎన్టీఆర్ సినిమా గుర్తొచ్చిన నానమ్మ దానికి తల ఊపుతుంది. రాజధాని ఎక్కడుండాలన్న విషయం మీద ఆంధ్రదేశపు సభ్యులు పావుగంట సేపు మాట్లాడుకుంటారు. చంపా గురించి ఇంత పట్టుదలగా వాదించుకునే దేశం ఇంకొకటి లేదని గైడు అనుకుంటాడు. 1471లో వియత్నాం రాజులు విజయను జయించడంతో చంపా ప్రాభవం సన్నగిల్లిందని అతను మెల్లగా ముగిస్తాడు. వాదన మాత్రం ముగియదు.

మీ సన్ గుళ్లకు ఇప్పుడు దేవుళ్ల పేర్లు లేవు, అక్షరాలున్నాయి. 1898లో ఫ్రెంచివాళ్లు దీన్ని కనుగొన్నారని పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకాల లెక్కన కనుగొనడమంటే అంతకుముందు పక్క ఊరివాళ్లు చూసింది కాదు, తర్వాత ఫ్రెంచివాళ్లు చూసింది. ఆపైన ఆన్రీ పార్మాంతియే అనే ఆయన గుంపులన్నిటికీ ఏ, బీ, సీ అని అక్షరాలు, గుంపులోని ఒక్కో కట్టడానికి అంకెలు వేశాడు. పద్ధతి మంచిదే. అయితే భద్రేశ్వరుడి సన్నిధికి బీ-వన్ అని పేరు పడితే హాస్టల్ గదిలో వెలిసినట్టు ఉంటుంది. ఆ బీ-వన్‌లో ఇప్పుడు పీఠం తప్ప గుడి లేదు. పక్కనే బీ-ఫైవ్ నిలిచి ఉంది. పడవను బోర్లించినట్టున్న కప్పుతో, గోడల మీద ఏనుగులతో చక్కగా ఉండే ఈ కట్టడం దేవుడి నగలూ సామగ్రీ దాచే కోశగృహం. దేవుడి ఇల్లు కూలింది, బీరువా మిగిలింది.

శివుడెవరో తెలుగువాళ్లకు వివరించడం ఈ టూరులో ముఖ్య ఘట్టం. గైడు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే అప్పజెబుతాడు. లింగం అంటే ఇదీ, పానవట్టం అంటే అదీ అని పచ్చిగా, చేతులతో ఆకారాలు చూపిస్తూ చెబుతాడు. చిన్నప్పటినుంచీ అభిషేకం చేసిన తండ్రి ఉన్నట్టుండి కొండల వైపు చూస్తాడు. తల్లి సీసా మూత తీస్తుంది. పదేళ్ల పిల్లాడొక్కడే శ్రద్ధగా వింటాడు. ఇంగ్లీషు రాని నానమ్మ కళ్లు మూసుకుని "శంభో" అంటుంది. పద్నాలుగు వందల ఏళ్ల క్రితం శంభువర్మ పెట్టిన పేరులో సగం పట్టుకుని ఆ స్వామిని పిలిచింది ఆ గుంపులో ఆవిడ ఒక్కతే. ఆ సంగతి ఆవిడకూ తెలియదు, గైడుకూ తెలియదు.

శివాలయంలో సోమసూత్రం దాటకూడదు. అభిషేకం నీళ్లు పోయే ఆ తూము దాకా వెళ్లి, వెనక్కు తిరిగి, వచ్చిన దారినే వచ్చి, రెండోవైపునుంచి మళ్లీ తూము దాకా పోయి తిరిగి రావాలి. దీన్నే చండి ప్రదక్షిణ అంటారు. ఆరుబయట పానవట్టం కనబడగానే నెల్లూరు పెద్దాయన కాళ్లు తమంతట తామే ఈ పని మొదలుపెడతాయి. దారి తప్పాడేమోనని గైడు జెండా ఊపుతాడు. అదే సరైన దారేమోనని టోపీలు పెట్టుకున్న ఇద్దరు విదేశీయులు వెనక నడుస్తారు, ఆయన తిరిగినచోటల్లా తిరుగుతారు. మూడో చుట్టు పూర్తయ్యేసరికి వరుసలో ఏడుగురు ఉంటారు. చెప్పుల సంగతి ఇంకో ముచ్చట. గుమ్మం కనబడగానే విడిచేస్తారు. కంకరరాళ్ల మీద నాలుగు అడుగులు వేశాక, తక్కినవాళ్లంతా బూట్లతోనే లోపల ఉన్నారని తెలుస్తుంది. తలెత్తి గంట కోసం వెతికిన చెయ్యి కూడా వట్టినే దిగుతుంది. ఇక్కడ నిత్యపూజ లేదు. అయితే చంపాను ఏలిన చామ్ జాతిలో శివుణ్ణి కొలిచేవాళ్లు మాత్రం పూర్వపు పాండురంగ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. ఫాన్ రాంగ్‌లోని పో క్లాంగ్ గరాయ్ గుడిలో ఏటా కాటే పండుగ చేస్తారు.

ఇటుక దగ్గర గైడు గొంతు పెంచుతాడు. గోడల్లో ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం జాడ కనబడదు. గోడ కట్టాక ఇటుకల మీదే శిల్పం చెక్కారు. అతుకు ఎలా నిలిచిందన్నదాని మీద చెట్ల జిగురు అని ఒక వాదం, ఇంకొన్ని వాదాలు ఉన్నాయి. ఆధునికులు బాగుచేసిన చోట ఇటుకలకు పాచి పట్టిందనీ, వెయ్యేళ్ల ఇటుక మాత్రం ఎర్రగానే ఉందనీ చూపిస్తాడు. ఇది అతని టూరుకు పతాక సన్నివేశం. సరిగ్గా అప్పుడే గుంపులోని వరంగల్లు ఆయన ముందుకొచ్చి, మా రామప్ప గుడి ఇటుక నీళ్లలో తేలుతుందంటాడు. ఇది నిజమే, ఆ గుడి శిఖరానికి వాడినవి అంత తేలికైన ఇటుకలే. కానీ చెప్పిన సమయం బాగాలేదు. గైడు కాసేపు మౌనం పాటించి, ఫొటోలకు పది నిమిషాలు ఇస్తాడు.

'ఏ' గుంపు దగ్గరికి వచ్చేసరికి హాస్యానికి చోటు తగ్గుతుంది. ఏ-వన్ సుమారు 24 మీటర్ల ఎత్తున్న గోపురం, చంపా వాస్తుకు తలమానికం అన్నారు. 1969 ఆగస్టులో అమెరికా బాంబులకు అది కూలింది. గుళ్ల మధ్య గడ్డి మొలిచిన గుంతలు చెరువులు కావు, బాంబులు పడ్డ చోట్లు. యుద్ధం ముగిశాక, 1980లలో కాజిమియెజ్ క్వియాత్‌కోవ్‌స్కీ అనే పోలండు వాస్తుశిల్పి వచ్చి, కూలినవాటిని ఎత్తి నిలబెట్టడంలో ఏళ్లు గడిపి, 1997లో వియత్నాంలోనే కన్నుమూశాడు. 2017నుంచి మన పురావస్తు శాఖవాళ్లు ఏ, హెచ్, కే గుంపుల్లో పనిచేశారు. 2020 మే నెలలో 'ఏ' గుంపులో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం వాళ్లకు దొరికింది. ఇది చెప్పేటప్పుడు గైడు భారతీయుల వైపు తిరిగి చప్పట్లు కొడతాడు. తవ్వినవాళ్లం తామేనన్నట్టు అందరూ తలలు వంచి అందుకుంటారు.

డీ గుంపులోని రెండు మంటపాలకు కప్పు వేసి, దొరికిన రాళ్లన్నీ లోపల పేర్చారు. అక్కడి దేవుళ్లలో చాలామందికి తలల్లేవు. మెడమీద తన మొహం పెట్టి ఫొటో దిగబోయే కుర్రాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు, వాణ్ణి కసిరే నానమ్మా ఉంటుంది. తొమ్మిదిన్నరకు వ్యాను ఎక్కేసరికి ఎదురుగా పెద్ద బస్సులు వస్తుంటాయి. అందులోనివాళ్లు హాయిగా నిద్రపోయి, ఇడ్లీ కాకపోయినా ఏదో ఒకటి వేడిగా తిని వచ్చినట్టు మొహాలు చూస్తేనే తెలుస్తుంది.

మీ సన్‌లో దొరికిన మేలైన శిల్పాలు మీ సన్‌లో లేవు. సీ-వన్ గుడిలో ఉండిన నిలువెత్తు శివుడు, ఈ-వన్ గుడి పీఠం, శేషుడి మీద పవళించిన విష్ణువు బొడ్డు తామరలోంచి బ్రహ్మ పుడుతున్న రాతి పలక, ఇవన్నీ డనాంగ్ ఊరి నడిబొడ్డున 1919లో తెరిచిన చామ్ శిల్ప మ్యూజియంలో ఉన్నాయి. అది సాయంత్రం ఐదింటిదాకా తెరిచే ఉంటుంది.