పెండ్లి వీడియో పంపుట యెట్లు?

పెండ్లి జరిపించుట కష్టమని పూర్వులు పలుమారులు చెప్పిరి గాని, జరిగిన పెండ్లిని తిరిగి పెండ్లివారికి చేర్చుట అంతకంటె కష్టమని వారు చెప్పియుండలేదు. అది వారి దోషము గాదు, వారి కాలమున పెండ్లి, వియ్యపురాలి అలుకతో సహా, పందిటిలోనే ముగిసెడిది. నేడు సిద్దిపేట జిల్లా కొండపాకలో మూడుముళ్ళు పడిన పిమ్మట ఆరంభమగు అసలు ఘట్టమేమనగా, రెండు మూడు కెమెరాలును ఒక డ్రోనును కలిసి మ్రింగిన రెండువందల గిగాబైట్ల శుభకార్యమును హైదరాబాదులోని ఎడిటరునకును, కరీంనగరములోని వియ్యంకునకును, డాలసులోని పెండ్లికూతురి అన్నకును ఏ మార్గమున పంపవలెనన్నది.

ఈ చిక్కు నా మెడకు చుట్టుకొనుటకు కారణము మా మేనల్లుడు. వాడు ఊరిలో ఫొటో స్టూడియో నడుపుచున్నాడు. ముహూర్తములున్నంత కాలము పెండ్లిండ్లు, సంక్రాంతి మొదలు ఉగాది దనుక కొమురవెల్లి మల్లన్న జాతర, నడుమ నడుమ పుట్టినరోజు ఫ్లెక్సీలు వాని జీవనాధారము. నేనన్ననో పదవీవిరమణ చేసిన తెలుగు పండితుడను. "మామా, గన్ని పుస్తకాలు చదివినోనివి గద, పెద్ద ఫైళ్లు పంపుడుకు ఏ సాఫ్ట్‌వేరు తీస్కోవాల్నో జర చూసి చెప్పరాదే" అని వాడొకనాడు కోరెను. శతక పద్యములకు తాత్పర్యము చెప్పిన నోటికి సాఫ్ట్‌వేర్ల తారతమ్యము చెప్పుట యొక లెక్కయా అని వాని ధీమా. చదువరితనమునకు హద్దులుండునని యొప్పుకొనుట మాకును అలవాటులేని పని.

మొదట ఈమెయిలును విచారించితిని. జీమెయిలులో ఒక్కొక్క జాబునకు 25 మెగాబైట్ల పరిమితి కలదు. అందులోను ఒక మర్మమున్నది. ఈమెయిలు పుట్టినది అక్షరములు మోయుటకే గాని బొమ్మలు మోయుటకు గాదు కనుక, మనము జతపరచిన చిత్రమును అది బేస్64 అను పద్ధతిని ముందుగా అక్షరములలోనికి మార్చి, ఆ మార్పులో పరిమాణమును మూడవ వంతుకు పైగా పెంచి, ఆ పెరిగిన లెక్కనే పరిగణించును; మార్కెట్టు యార్డులో ధాన్యముతోపాటు గోనెసంచిని గూడ తూచినట్లన్నమాట. ఆ చొప్పున చూడగా, ఇరువదియైదని చెప్పినచోట పదునెనిమిదికి మించి పట్టదు. సెకనుకు నూరు మెగాబిట్ల చొప్పున తీసిన 4కె దృశ్యము ఆ మాత్రపు చోటులో ఒకటిన్నర సెకను నిలుచును. జీలకఱ్ఱ బెల్లము కొరకు పురోహితుడు చేయి చాపునంతలో ఈమెయిలు నిండిపోవును.

పిమ్మట ఫైళ్ళు పంపు ఈ విద్యకు మూలపురుషుడెవ్వడని వెదకితిని. ఎవ్వడో శ్వేతజాతీయుడు తగులునని యెదురుచూచిన నాకు అలహాబాదులో జన్మించినవాడు తగిలెను! ఐఐటీ కాన్పూరు తొలి జట్టులో చదివి, అమెరికాలోని ఎంఐటీకి వెళ్ళిన అభయ్ భూషణ్, ఒక కంప్యూటరునుండి వేరొకదానికి ఫైళ్ళు పంపు నియమావళిని ఎఫ్‌టీపీ అను పేర 1971 ఏప్రిల్ 16న ఆర్‌ఎఫ్‌సీ 114 అను పత్రముగా వెలువరించెను. అప్పటికి ఇంటర్నెట్టు లేదు. దాని పూర్వజమగు ఆర్పానెట్టు మాత్రమే కలదు. అర్ధశతాబ్దము లోకమునకు చాకిరి చేసిన ఆ విధానమును, అది పాస్‌వర్డును సైతము దాపరికము లేక పంపుననెడి దోషమును చూపి, 2021 జూలైలో ఫైర్‌ఫాక్సును, అక్టోబరులో క్రోమును తమ వాకిండ్లనుండి వెడలగొట్టినవి. అదే పనిని రహస్యలిపిలో చేయు ఎస్‌ఎఫ్‌టీపీ యొకటి కలదు. నడుమ కరెంటు పోయి పంపకము తెగినచో, తెగిన చోటనుండి మరల సాగింపగల నేర్పు దానికున్నది. ఫైల్‌జిల్లా వంటి సాఫ్ట్‌వేరును ఉచితముగా దించుకొని దానిని వాడుకొనవచ్చును. ఇంత ప్రౌఢముగా నేను నిర్ణయము వినిపింపగా మేనల్లుడు చాలసేపు నా ముఖము చూచి, "పోర్టు నంబరు 22 కొట్టుమని పెండ్లికొడుకు నాయినకు నేనెట్ల చెప్పాలె మామా? ఆయన ఫోను రీఛార్జి గూడ నాతోనే చేపిస్తడు" అనెను.

ఆ యొక్క మాటతో నా పరిశోధన తలక్రిందులయ్యెను. అంతవరకు నేను పంపువాని సౌకర్యమును విచారించుచుంటిని. విచారింపవలసినది పుచ్చుకొనువాని శక్తి. అమ్ముడుపోవు సాఫ్ట్‌వేర్లన్నియు తమ వేగమును గూర్చియు, భద్రతను గూర్చియు వర్ణించుకొనునే గాని, అరువదియేండ్ల పెద్దమనిషి అద్దములు వెదకుకొనునంతలో ఆ లింకు ఏమగునో చెప్పవు.

అట్లని వేగమును బొత్తిగా విడువరాదు. నెట్టు అమ్మువారు బిట్లలో అమ్ముదురు, ఫైళ్ళు బైట్లలో పెరుగును. ఎనిమిది బిట్లకు ఒక బైటు. కావున సెకనుకు 20 మెగాబిట్లు పైకెక్కించు కనెక్షనుపై 200 గిగాబైట్ల పెండ్లి ఎక్కుటకు ఇరువదిరెండు గంటలు పట్టును. అనగా పెండ్లి జరిగినంతసేపటికంటె హెచ్చు. మా ప్రక్కనున్న గజ్వేలు కోమటిబండలో 2016 ఆగస్టు 7న ప్రధానమంత్రి ఇంటింటికి నీరు తెచ్చు మిషన్ భగీరథను ఆరంభించిరి. ఆ నీటి గొట్టముల కందకములలోనే నెట్టు తెచ్చు టీ-ఫైబర్ తీగలను గూడ పరచవలెనని ప్రభుత్వము సంకల్పించినది. గంగను తెచ్చుటకే అంత తపస్సు చేసిన భగీరథునకు డేటాను సైతము తెచ్చు భారము పడునని ఏ పురాణమును సూచింపలేదు.

ఇక ఫైళ్ళు పంపు ఉచిత సేవల చరిత్ర కరుణరసప్రధానము. 2009లో ఆమ్‌స్టర్‌డామున పుట్టిన వీట్రాన్స్‌ఫర్‌ను 2020 మే నెలలో టెలికాం శాఖవారు దేశమున నిలిపివేయించిరి. మరుసటి నెల 29వ తేదీన నిషేధింపబడిన 59 యాప్‌లలో షేరిట్, జెండర్ అనునవియు నుండెను. ఆనాడు టిక్‌టాక్ పోయెనని యువలోకము శోకించెను గాని, ఈ రెండింటి కొరకు కన్నీరు విడిచినవాడు మా వీధిలో స్టూడియోవాడొక్కడే. వీట్రాన్స్‌ఫర్ పిమ్మట తిరిగివచ్చినది. 2024లో చేతులు మారినది. ఉచితముగా వాడుకొనువారికి నెలకు పది పంపకములు, 3 గిగాబైట్లు, మూడు దినముల గడువు అని కట్టడి చేసినది. గూగుల్ డ్రైవు 15 గిగాబైట్ల చోటు ఉచితముగా నిచ్చును గాని, మన జాబులును ఫొటోలును అందులోనే కాపురముండవలెను. వాట్సాపు 2022లో 100 మెగాబైట్ల హద్దును 2 గిగాబైట్లకు పెంచెను. అయితే డాక్యుమెంటుగా పంపక వీడియోగా పంపినచో దానిని నలిపి, పిసికి, పెండ్లికూతురు ముఖమునకును పూలదండకును భేదము తెలియకుండునట్లు చేసి అందించును.

లింకుల సంగతి వినుడు. ఒక పెండ్లికూతురి తండ్రికి మావాడు పంపిన లింకు (ఏ సేవదో చెప్పను) నొక్కగా, వీడియోకు మారుగా ఒక ఆంగ్ల ఫలకము ప్రత్యక్షమై, యజమాని యనుమతి కొరకు విన్నపము పంపుకొనుమని శాసించెను. ఆయన స్టూడియోకు వచ్చి, "దుద్దెడకాడ కలెక్టరాఫీసు ఉండనే ఉన్నది గద బిడ్డా, అర్జీ పెట్టుడైతె ఆడ పెడుదు. నా బిడ్డ పెండ్లి నేను చూసుడుకు గూడ అర్జీ పెట్టాల్నా?" అని నిలదీసెను. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల సాఫ్ట్‌వేరు ఇంకను రాలేదు. లింకు కలవారెవ్వరైనను చూడవచ్చునను మీటను నొక్కి పంపిననే పని; ఆ మీట ఎప్పుడును అడుగున, సన్నని అక్షరములలో నుండును.

ఇంకొక విధమైన ఖాతాదారులును మావానికి కలరు. వారి విషయమున నాకు హాస్యము రాదు. మా కొండపాక ప్రాంతపు ఎర్రవల్లి, సింగారం అను గ్రామములు 50 టీఎంసీల మల్లన్నసాగర జలాశయములో కలిసిపోయినవి. ఆ యూళ్ళవారు గజ్వేలు కాలనీలకు చేరిరి. వారు పాత పెండ్లి క్యాసెట్లను తెచ్చి, వధూవరులను గాక వారి వెనుకనున్న వీధిని, గుడిని, చింతచెట్టును చూపుమందురు. మినీ డీవీ క్యాసెట్టొకటి గంటకు 13 గిగాబైట్లు తూగును. వీనిని కుదించి పంపవద్దని మేనల్లునికి నేనే చెప్పితిని.

ఇంత విచారించిన పిమ్మట నా దృష్టి ఆర్టీసీ బస్సుపై బడెను. రాజీవ్ రహదారిపై బస్సెక్కిన మనిషి రెండున్నర గంటలలో సికింద్రాబాదు జూబ్లీ బస్‌స్టేషనులో దిగునేని, వాని సంచిలోని ఒక టెరాబైటు హార్డుడిస్కు సెకనుకు సుమారు 890 మెగాబిట్ల వేగముతో ప్రయాణించినట్లు లెక్క! నడుమ టీ తాగుటకు నిలిచినను నష్టము లేదు. ఇది నా వెఱ్ఱి గాదు. 2009లో దక్షిణాఫ్రికావారు విన్‌స్టన్ అను పావురము కాలికి 4 గిగాబైట్ల కార్డు కట్టి రమారమి 80 కిలోమీటర్లు ఎగురవేసిరి. కార్డులోనిది కంప్యూటరుకెక్కించుటతో సహా రెండు గంటల పైచిలుకులో పని ముగియగా, ఆ వేళకు వారి ఇంటర్నెట్టు నూటికి నాలుగు వంతులు మాత్రమే పంపగలిగెను. పావురములచే డేటా పంపు విధానమును 1990 ఏప్రిల్ 1న ఆర్‌ఎఫ్‌సీ 1149గా వ్రాసియుంచినవారును కలరు. తేదీని బట్టి వారి యుద్దేశము గ్రహించునది. దమయంతికి కబురు మోసిన హంసను మనము కావ్యములకు వదలి, డేటాపని మాత్రము తీగలకు అప్పగించితిమి.

మేనల్లునికి నేను చెప్పిన తీర్పు ఇది. ఎడిటరుకు చేరవలసిన ముడి వీడియో బస్సులో పోవలెను, నకలు ఇంటనుండవలెను, ఆయన ఫైళ్ళు తెరచి చూచుకొన్నానని చెప్పువరకు కెమెరా కార్డును తుడిచివేయరాదు. డాలసుకు, పూర్తియైన సినిమా, డబ్బు కట్టి కొన్న క్లౌడులోనికి రాత్రివేళ ఎక్కించి, నెలకు తక్కువకాని గడువుతో లింకు పంపవలెను. ఊరి పెద్దలకు టీవీ వెనుక గ్రుచ్చు పెన్‌డ్రైవే శరణ్యము. అందులోను ఫ్యాట్32 అను పాత పద్ధతి పెన్‌డ్రైవులో ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు గనుక, ఎదురుకోలు ఒక ఫైలు, తలంబ్రాలు ఒక ఫైలు, అప్పగింతలు ఒక ఫైలుగా కోయవలెను. ఏడ్పు నడుమ కోయరాదు.

పెండ్లి వీడియో కొరకు ఎదురుచూచు బంధుమిత్రులకు మాత్రము ఒక మనవి. లింకు వచ్చిన దినముననే దించుకొనుడు. గడువు దాటిన నెలకు ఫోను చేసి, "వాట్సాపుల ఫొటో లెక్క పంపరాదు" అని స్టూడియోవానిని అడుగకుడు.