ఆనవాలు లేని బావ

మా బావ ఇంటర్నెట్‌లోకి వెళ్లొచ్చిన సంగతి దేవుడికి కూడా తెలియకూడదు. అదీ ఆయన పంతం. అందుకోసం లాప్‌టాప్‌లో నాలుగు ఎక్స్‌టెన్షన్లు పెట్టుకున్నాడు. ట్యాబ్ మూయడమే ఆలస్యం, ఒకటి కుకీలు ఊడ్చేస్తుంది, ఇంకోటి హిస్టరీ తుడిచేస్తుంది, మూడోది డౌన్‌లోడ్ల జాబితా ఖాళీ చేస్తుంది. నాలుగోది ఏం చేస్తుందో ఆయనకీ గుర్తులేదు.

“ఊరికే వదిలేస్తే క్రోమ్ మనం చూసినవన్నీ 90 రోజులు దాచిపెడుతుందిరా” అంటాడు.

“ఇన్‌కాగ్నిటో ఉందిగా బావా” అన్నాను. పాపం పసివాడన్నట్టు చూశాడు. ఆ మోడ్‌లో కూడా వివరాలు పోగేశారని అమెరికాలో గూగుల్ మీద దావా పడటం, 2024లో వాళ్లు రాజీకొచ్చి వందల కోట్ల రికార్డులు చెరిపేస్తామని ఒప్పుకోవడం గడగడా అప్పజెప్పాడు. అక్కడితో ఆగలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో మన సుప్రీంకోర్టులో 9 మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారన్నాడు.

“ఆ హక్కు కాస్త పక్కనబెట్టి కరెంటు బిల్లు కట్టండి” అంది అక్క వంటింట్లోంచి.

ఆ ఇంట్లో కరెంటు బిల్లు కట్టడం ఒక క్రతువు. ప్రతి సైటూ బావని మొదటిసారి చూసినట్టే పలకరిస్తుంది. కుకీలు ఒప్పుకుంటారా? మీరు రోబో కాదు కదా? ఆయన ఓపిగ్గా ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ నొక్కుతాడు. పాస్‌వర్డ్ గుర్తుండదు. చివరికి ఓటీపీ వస్తుంది. ఫోన్ బెడ్‌రూములో ఛార్జింగ్‌లో ఉంటుంది కాబట్టి, అక్క దాన్ని అక్కణ్నుంచే ఒక్కో అంకే కేకేసి చెబుతుంది. కింది ఫ్లాటు వాళ్లు కూడా రాసుకోవచ్చు.

ఇంతటి గుట్టుమనిషీ సూపర్‌మార్కెట్ కౌంటర్లో అమ్మాయి “ఫోన్ నంబర్ సార్?” అనగానే పది అంకెలూ ఏకబిగిన చెప్పేస్తాడు. పాయింట్లొస్తాయట! ఆధార్ జిరాక్సులు డజను తీయించి బ్యాగులో ఉంచుకుంటాడు, ఎవడెప్పుడు అడుగుతాడో అని.

ఓసారి ఆయన ఆ నాలుగో ఎక్స్‌టెన్షన్ వేస్తుంటే పక్కనే ఉన్నాను. మీ బ్రౌజింగ్ హిస్టరీని ఇది చదవగలదు, మార్చగలదు, సరేనా అని అడిగింది. సరే నొక్కాడు.

“ఇది రాసిందెవరు బావా?”

“ఎవరో మంచివాళ్లే. ఐదు స్టార్లున్నాయి.”

లక్షలమంది వాడిన ద గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్ చేతులు మారాక, అందులో మాల్‌వేర్ ఉందని 2021లో గూగుల్ తీసిపారేసిందని చెప్పాను. బావ కంగారుపడ్డాడు. ఆ నాలుగింటి మీదా కన్నేసి ఉంచడానికి మర్నాడే ఐదోది పెట్టాడు.

ఇంతకీ ఈయన దాచేదేమిటి? బంగారం ధర, మోకాలినొప్పి తప్ప ఇంకేం వెతుకుతాడని నా లెక్క. అసలు గుట్టు సంక్రాంతికి టీవీ విప్పింది. లాగినై చూసిన యూట్యూబ్ వీడియోల చిట్టా ఖాతాలో ఉంటుంది. బ్రౌజర్‌ని ఎంత తోమినా అది పోదు. హాల్లో టీవీదీ అదే ఖాతా. ఇంటినిండా చుట్టాలుండగా తెరమీద బారులు తీరాయి: కన్యారాశి వారఫలాలు, కన్యారాశి వారి మనసులో మాట, కన్యారాశి వారిని ప్రసన్నం చేసుకోవడమెలా.

జాతకాలన్నీ బూటకమని పెళ్లిచూపుల్లోనే ఉపన్యాసమిచ్చిన మనిషండీ ఈయన!

అక్క తెర వంకా, ఆయన వంకా చూసింది. “మీది సింహరాశి కదండీ. ఈ కన్య ఎవరు?”

“మా కొత్త మేనేజరే! అప్రైజల్ దగ్గరపడింది కదాని...”

“ఆడా, మగా?”

“మగే! రిటైరవబోతున్నాడు! ఆయన పుట్టినతేదీ కొట్టి రాశి కనుక్కున్న పేజీ కూడా ఉంది, చూపిస్తానుండు” అంటూ లాప్‌టాప్ తెచ్చి, అందరి ముందూ హిస్టరీ తెరిచాడు.

ఐదు ఎక్స్‌టెన్షన్లూ తమ పని తాము చేసేశాయి.