గోడ మీది చామంతి: టీకా తాత్పర్య సహితము

మూలము: "వదినా, గోడ మీదికెళ్లి నాల్గు పువ్వులు తెంపుకుంటున్న, ఏమనుకోకు."

అవతారిక. మాఘమాసం. కేసముద్రంలో ఒక వాడకట్టు. తెల్లారుజామున స్తంభం మీది లైటు ఇంకా ఆరలేదు. సంక్రాంతికి గుమ్మాలెక్కిన బంతిపూలు ఎండి, విత్తనానికి మూట కట్టబడ్డాయి. శివరాత్రికి చలి పోతుందంటారు గానీ ఆ శివరాత్రి ఇంకా రాలేదు. ఇట్టి సమయమున పక్కింటామె స్టీలు పళ్లెం చేతబట్టి, ప్రహరీకి అవతల నిలబడి, ఇంటామెనుద్దేశించి పై వాక్యము పలుకుచున్నది. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథ సూరి, కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. మూలం ఒక్క వాక్యమే అయినప్పుడు ఆ ఒట్టుకు కట్టుబడితే పేజీ నిండదు. కాబట్టి ఈ టీకాకారుడు దాని జోలికి పోలేదు.

ప్రతిపదార్థము. వదినా = ఓ వదినా! ఇద్దరికీ చుట్టరికం లేదు. పూజ వేళకు పుట్టి, హారతి కాగానే సద్దుమణిగే బంధుత్వమని గ్రహించేది. నాల్గు = పళ్లెం నిండేదాకా. "రెండు" అని కింది వాడకట్టువారి పాఠాంతరం. అర్థంలో తేడా లేదు. తెంపుకుంటున్న = తెంపడమైపోయింది. ఏమనుకోకు = అనుకున్నా పైకి అనకు.

పువ్వులు = ఇక్కడ ఆగాలి. ఏ పువ్వులు? మూలం చెప్పదు. పెరడంతా వెతికి తేల్చుకోవలసిందే.

డిసెంబర్ పూలు ఊదారంగులో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి, కానీ వాసన లేదని ఆమె వాటిని లెక్కచేయదు. కనకాంబరాలు ఏరి మాల కట్టేంత తీరిక పొద్దున్నే ఎవరికుంది? చిక్కుడు పందిరి మీద పూత బాగానే ఉంది. రథసప్తమికి దాని కాయలతో రథం చేసి, ఆకుల్లో పరమాన్నం పెట్టడం అయింది. ఆ తర్వాత లేత కొసలకు పేనుబంక పట్టింది. ఇంటామె పొయ్యిలో బూడిద తెచ్చి చల్లింది. ముట్టుకుంటే వేళ్లకు నల్లటి జిగురు, దాని మీద బూడిద. మామిడి పూత తెంపితే పాపం, మునగ పూత తెంపితే పులుసు తక్కువ. మందార మొగ్గలు కోతుల వాటా. అవి "ఏమనుకోకు" అని కూడా అనవు. కనుక పారిశేష్య న్యాయం చేత ఇక్కడ "పువ్వులు" అనగా చామంతులే.

శంక: చామంతి సంక్రాంతికే అయిపోవాలి గదా? సమాధానము: ఇంటి వైపు కుండీల్లో అయిపోయింది. అక్కడ గోధుమరంగు తలలే మిగిలాయి. గోడ వెంట ఉన్న కుండీల్లో మాత్రం ఇప్పుడే పచ్చగా విరగబూసింది. ఒకే తల్లి పిలకలు, ఒకే మట్టి, ఒకే చెంబు నీళ్లు. ఇంటామె దీన్ని దిష్టి అంటుంది, పక్కింటామె తన చేతి చలవ అంటుంది. ఇద్దరి మతాలూ ఇక్కడ ఖండించబడుచున్నవి. కారణం స్తంభం మీది లైటు.

చామంతి రాత్రి నిడివిని బట్టి పూస్తుంది. రాత్రులు పెరుగుతున్నప్పుడు మొగ్గ తొడుగుతుంది. చీకటి మధ్యలో వెలుగు పడితే ఇంకా రాత్రి చిన్నదే అనుకుని ఆకులే వేస్తూ కూర్చుంటుంది. వెన్నెల ఈ పనికి చాలదు. పూత పగలూ రాత్రుల నిడివిని బట్టి నడుస్తుందని 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు పొగాకు, సోయాబీన్ మొక్కల మీద పరీక్షించి చూపారు. బెంగళూరు వైపు చామంతి రైతులు చేలో బల్బులు వెలిగించి పూతను వెనక్కి నెట్టుకునేది ఈ కిటుకుతోనే. మన గోడ మీద అదే పని పైసా ఖర్చు లేకుండా జరిగింది. వెలుగు సూటిగా పడక, కొమ్మల సందున మసకగా తగిలే చోటు కనుక పూత బొత్తిగా ఆగలేదు, నెల వెనకబడిందంతే.

మరొక శంక: పూలే కావాలంటే గూడూరు, కొత్తగూడ అడవుల్లో మోదుగులు లేవా? ఉన్నాయి. ఫాల్గుణానికి ఒక్క ఆకు మిగలకుండా చెట్టంతా ఎర్రబడుతుంది. హోళీకి ఆ పూలే ఉడకబెట్టి రంగు తీసేవారు. ఈ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య తన నవలకు "మోదుగుపూలు" అనే పేరు పెట్టాడు. బూరుగు సంగతీ అంతే. పూసినన్నాళ్లూ గోరింకలకు దాని మీదే కాపురం. చలికాలం చివరి అందమంటే నా ఓటు ఈ రెండింటికే. ఇంగ్లండులో ఫిబ్రవరిలో ఒక స్నోడ్రాప్ తెల్లగా తల ఎత్తితే వాళ్లకు సంబరం. మనకు అడవే అంటుకున్నట్టుంటుంది, తలెత్తి చూసేవాళ్లే తక్కువ. అయితే మోదుగు గోడ మీదికి రాదు, పళ్లెంలోకి రాదు. ప్రకృతానికి దానితో పని లేదు.

అలంకారము: పళ్లెం నిండా పూలుంచుకుని నాల్గే అనడం వల్ల అపహ్నవం. రసము: తెంపినామెకు శాంతం, ఇంటామెకు రౌద్రం.

తాత్పర్యము: ఓ పాఠకులారా! పూలు అయిపోగానే చామంతి కొమ్మలను జానెడెత్తున కత్తిరించండి. మొదట్లో పిలకలు లేస్తాయి. వాటిని ఎండాకాలమంతా అరనీడలో, నీరు నిలవకుండా కాపాడి, వానలు పడ్డాక వేరుచేసి నాటండి. రెండు పిలకలు పక్కింటి వదినకూ ఇచ్చి, స్తంభం వైపే పెట్టుకోమనండి. వచ్చే మాఘంలో పళ్లెం పట్టుకుని వెళ్లడం మీ వంతు.