కారులో ఫోను పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆ. కారులోన ఫోను గమనించి పెట్టరా
రెండు శాతమాయె రీలు చాలు
దారి చూపు పటము తలకిందులైపోవు
టోలుగేటు కాడ డోలు మోగు

అవతారిక: సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ పోతుండగా, చౌటుప్పల్ ఇంకా రాకముందే, వెనక సీటులోంచి మా ఆవిడ ముందు సీటులోని మావాడికి ఆశువుగా చెప్పిన పద్యమిది. ఆవిడకు ఛందస్సు రాదు. కోపం వస్తే గణాలు వాటంతటవే పడతాయి. స్టీరింగు నా చేతిలో ఉన్నందున అప్పుడు వ్యాఖ్యానించే వీలు చిక్కలేదు.

ప్రతిపదార్థం: కారులోన = కారునందు; ఫోను = నా ఫోనును (మావాడు తన ఫోను ఛార్జింగు దాచుకుని నా ఫోనులో రీలు చూస్తాడని సందర్భాన్ని బట్టి గ్రహించాలి); గమనించి = చూచి, ఇంకోసారి చూచి; పెట్టరా = ఛార్జింగు పెట్టుము కొడుకా (కోపం ఇంకా ముదిరితే ఈ 'రా' పోయి 'నాయనా' వస్తుంది, అది మరీ ప్రమాదం); రెండు శాతము + ఆయె = రెండు శాతమే మిగిలెను; రీలు చాలు = ఇక కట్టిపెట్టుము. 'రీలు చాలవు' అని మావాడు చెప్పే పాఠాంతరం ఒకటుంది. అక్కడ గణం తప్పింది కనుక అది ప్రక్షిప్తం. దారి చూపు పటము = మ్యాపు; తలకిందులు + ఐపోవు = చెడును; టోలుగేటు కాడ = టోలుగేటు దగ్గర; డోలు మోగు = దీని అర్థం చివర విప్పుతాను.

తాత్పర్యం: ఫోను చచ్చేలోపు ఛార్జింగు పెట్టరా బాబూ.

విశేషాలు: పద్యానికి ప్రాణం 'గమనించి' అన్న మాట. అది యతి కోసం వచ్చి పడిందని మావాడి వాదం. కాదు. ఎక్కడ పెట్టాలో కవయిత్రి చెప్పలేదు, గమనించమంది. ఎందుకంటే మా కారులో రంధ్రాలు రెండు. ఒకటి పాటల పెట్టె కింద ఉండే యూఎస్‌బీ పోర్టు. అది పెన్‌డ్రైవు పెట్టి ఘంటసాలను వినడానికి పుట్టింది. పాత యూఎస్‌బీ లెక్కలో దాని శక్తి 5 వోల్టులు, అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. రెండోది గేరు రాడ్డు ముందు మూత కింద 12 వోల్టుల సాకెట్టు. పూర్వం అక్కడ సిగరెట్ లైటరు ఉండేది. నొక్కితే తీగచుట్ట ఎర్రగా కాలి, టక్కున పైకి లేచేది. చుట్టా పోయింది, సిగరెట్టూ పోయింది, మూత మీద '12వో 120వా' అన్న శాసనం మాత్రం మిగిలింది. నిప్పు కోసం పుట్టి ఫోనుకు అన్నం పెడుతున్న ఆ రంధ్రం మీద నాకు గౌరవం.

ఇక తర్కం. కొండ మీద పొగ కనబడితే నిప్పు ఉందంటాడు తార్కికుడు. ఫోను మీద మెరుపు గుర్తు కనబడితే ఛార్జింగు ఎక్కుతోందంటాం మనం. మొదటిది అనుమాన ప్రమాణం, రెండోది హేత్వాభాస. నా అనుభవమే చెబుతాను. ఆమధ్య ఒక ప్రయాణంలో పంతంగి టోలు దగ్గర 21 శాతం ఉండగా పాటల రంధ్రంలో పెట్టి, కొర్లపహాడ్‌లో చూస్తే 19 ఉంది. మెరుపు మాత్రం వెలుగుతూనే ఉంది. తెర నిండు వెలుగు, మ్యాపు, జీపీఎస్, మధ్యలో మావాడి రీలు: రెండున్నర వాట్లు వచ్చిన దారినే పోయాయి. ఇప్పటి ఫోన్లలో సాధారణంగా ఉండే 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండాలంటే దాదాపు 19 వాట్-అవర్లు కావాలి. అంటే కట్టేసి పెట్టిన ఫోనుకైనా ఈ రంధ్రం ఎనిమిది గంటలు తీసుకుంటుంది. విజయవాడ ఐదు గంటల్లో వచ్చేస్తుంది. అదే లైటరు సాకెట్టులో 18 వాట్ల అడాప్టరు గుచ్చితే, దానికి తగిన కేబులూ ఉంటే, సూర్యాపేట ఇడ్లీ తినేలోపు మొహంలో కళ వస్తుంది.

'గమనించి' ఎండకూ వర్తిస్తుంది. అద్దానికి అంటించిన హోల్డరులో, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఫోను కాగిపోతే, లిథియం బ్యాటరీ పాడవకుండా ఫోనే ఛార్జింగు తగ్గించుకుంటుంది. ఏసీ గాలి తగిలే చోట పెడితే ఈ పేచీ లేదు.

పూర్వపక్షం: ఛార్జింగు పెడితే మైలేజీ తగ్గదా? ఇది మా బావగారి శంక. సిద్ధాంతం: హార్స్‌పవరంటే 746 వాట్లు. పద్దెనిమిది వాట్లు ఒక గుర్రంలో సుమారు నలభయ్యో వంతు. గుర్రానికి తెలియదు. బావగారు ఏసీ కట్టేసి కూర్చుంటే ఇంతకంటే మిగులుతుంది.

'డోలు': దీని మీద వ్యాఖ్యాతలు విడిపోయారు. వెనక లారీల హారన్లని ఒకరు, మా ఆవిడ గొంతని మరొకరు (ఆ వ్యాఖ్యాత నేను కాను). నా మతం వేరు. 2025 నవంబరు 15న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, జాతీయ రహదారి టోలు దగ్గర ఫాస్టాగ్ పనిచేయకపోతే నగదు ఇచ్చేవాడికి రెండింతలు, యూపీఐ చేసేవాడికి ఒకటింబావు. యూపీఐకి ఫోను కావాలి, ఫోనుకు ఛార్జింగు కావాలి. కనుక ఫోను చచ్చినవాడు బతికినవాడికంటే ముప్పాతిక టోలు ఎక్కువ కట్టి పోతాడు. ఆ కట్టేటప్పుడు పర్సులో పుట్టే శబ్దమే డోలు. పనికిరాదనుకున్న ఆ నాలుగో పాదంలో కేంద్ర ప్రభుత్వపు నిబంధన ఒకటి ఇమిడిందంటే, ఛందస్సు రానివాళ్ల పద్యాల్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అలంకారం: లేదు. అంత తీరిక ఆవిడకు లేదు.

ఇతి కారు ఫోను వ్యాఖ్య. సూర్యాపేట హోటల్లో రెండో కాఫీ తాగుతూ, పేపరు నాప్కిన్ మీద, ఫోనులో 34 శాతం ఉండగా పూర్తయినది.