చాయ్‌లో ఒక చెంచా తక్కువ

మెల్లగా బరువు తగ్గడమంటే రోజువారీ అలవాట్లలో ఒకటి రెండింటిని కొంచెం మార్చి, ఆ మార్పును ఏళ్ల తరబడి వదలకపోవడం. తెలుగువారికి ఈ పద్ధతి అంతగా రుచించదు. ఇందులో త్యాగం లేదు, పదిమందికి చెప్పుకొనే విశేషమూ లేదు. ప్రకృతి వైద్యులు మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే మానమన్నారు, మానారు. డైట్ సలహాలిచ్చే వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మాని కొబ్బరినూనె తాగమన్నారు, తాగారు. రెండూ ఒకే వంటింట్లో, కొద్ది ఏళ్ల తేడాతో జరిగిన ఇళ్లున్నాయి. చాయ్‌లో చెంచా పంచదార తగ్గించమనే మనిషికి మాత్రం సభ పెట్టేవాళ్లు లేరు.

ఈ పద్ధతికి హైదరాబాద్‌లోని మదీనాగూడ అనువైన చోటు. మియాపూర్‌కీ చందానగర్‌కీ మధ్య ముంబై హైవే మీదున్న ఈ పేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫ్లాట్ నుంచి లిఫ్ట్‌లో సెల్లార్‌కు, సెల్లార్ నుంచి కారులో ఆఫీసు సెల్లార్‌కు, అక్కడి నుంచి మళ్లీ లిఫ్ట్‌లో సీటుకు చేరతాడు. నేల మీద కాలు పెట్టిన సందర్భాలు తక్కువ కాబట్టి, మార్చుకోవడానికి అవకాశాలు ఎక్కువ.

ముందు చాయ్ సంగతి. చెంచా పంచదార 5 గ్రాములు, అంటే 20 కేలరీలు. రోజుకు మూడు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు అనుకుంటే 30 గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పంచదార మొత్తం శక్తిలో 5 శాతం దాటకూడదు. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి అది 25 గ్రాములు. అంటే లడ్డూ ఇంకా ఇంట్లో అడుగు పెట్టకముందే కోటా అయిపోయింది. కప్పుకు ఒక చెంచా తగ్గిస్తే రోజుకు 60 కేలరీలు మిగులుతాయి. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ పత్రికలో చెప్పిన లెక్క ఇది: రోజుకు 10 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి దాదాపు అర కిలో తగ్గుతుంది, అందులో సగానికి ఏడాది, దాదాపు పూర్తిగా తగ్గడానికి మూడేళ్లు పడుతుంది. ఆ లెక్కన చాయ్ ఒక్కటే రెండున్నర కిలోలకు పైగా దించుతుంది. ఇరానీ హోటల్లో చెంచా తగ్గించమని అడిగే వీలుండదు, పంచదార ముందే పడి ఉంటుంది. అక్కడికి ‘వన్ బై టూ’ ఉంది, ఒక చాయ్‌ను ఇద్దరు పంచుకోవడం. జేబు కోసం పుట్టిన ఏర్పాటే అయినా నడుముకూ పనికొస్తుంది.

రాత్రి అన్నం మాని చపాతీ తినడం ఈ ప్రాంతపు ప్రధాన వ్రతం. బియ్యంలోనూ గోధుమపిండిలోనూ కేలరీలు ఇంచుమించు సమానమే. చపాతీకి నూనె అదనం, ఆఖర్న ‘ఒక్క ముద్ద’ పెరుగన్నం మరీ అదనం. సాయంత్రాలు రోడ్డు పక్కన కాల్చి ఇచ్చే జొన్నరొట్టెకు నూనె అక్కర్లేదు, అదే దాని లాభం. అయితే రెండు రొట్టెలతో ఆగాలి.

నడక గురించి ఉన్న భ్రమలు ఇంకా పెద్దవి. పదివేల అడుగుల లెక్క వైద్యులది కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరుది. డెబ్బై కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే సుమారు 50 కేలరీలు ఖర్చవుతాయి. ఒక చెంచా నూనెలోనూ ఇంచుమించు అంతే. పార్కులో నడిచి నేరుగా టిఫిన్ సెంటర్‌కు వెళ్లి నెయ్యి కారం దోసె తినేవారు వాకింగ్ వల్ల లాభం లేదంటారు. నిజానికి ఉంది, అది టిఫిన్ సెంటర్‌కు చేరింది. అంతకన్నా హఫీజ్‌పేట స్టేషన్ దాకా నడిచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కడం నయం. తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ, దారిలో దోసె లేదు.

బరువు వారానికోసారి చూసుకుంటే చాలు. ఆవకాయ తిన్న మర్నాడు ఉప్పు పట్టి ఉంచిన నీటితో కాటా పైకి పోతుంది. అది కొవ్వు కాదు. నెలకు పావుకిలో కూడా దిగని తగ్గుదలను ఇంట్లోవాళ్లు గమనించరు. ఏడాదిన్నరకు ఓ పెళ్లిలో పెద్దమ్మ గమనిస్తుంది: “ఏంట్రా, ఇలా చిక్కిపోయావు? షుగర్ గానీ వచ్చిందా?” అని అడిగి, విస్తట్లో ఇంకో బొబ్బట్టు వేయిస్తుంది.